రైలు మారే ఊరు – రాయచూరు



మా బడిలో చదువుకుని, ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్ళిన ఒక కుర్రాడు కొన్నాళ్ళ క్రితం నాకు ఫోన్ చేశాడు. మొదటిసారి మెట్రో రైలు ఎక్కి అమీర్‌పేట స్టేషన్‌లో దిగాడట. అక్కడ మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ పోయే లైనూ, నాగోలు నుంచి రాయదుర్గం పోయే లైనూ కలుస్తాయి. ఒకటి కింద, ఒకటి పైన. జనం ఏరులా పారుతున్నారు. బోర్డులు చూసుకునే వ్యవధి లేదు. "అరగంట మెట్లెక్కి మెట్లు దిగాను సార్. మన రాయచూరు స్టేషనే నయం, ఒక ప్లాట్‌ఫారం మీద నిలబడితే అన్నీ కనబడతాయి" అన్నాడు.

నేను నవ్వాను. "నాయనా, రైలు మారడమనే పనిని నువ్వు కొత్తగా నేర్చుకుంటున్నావు. మన ఊరు ఆ పని 1871లోనే మొదలుపెట్టింది" అన్నాను. ఆ మాట అనేశాను గాని, ఆ తర్వాత నాకే అనిపించింది, ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు? ఏ పాఠంలో చెప్పారు? నేనైనా చెప్పానా? అందుకే ఈనాటి ప్రసంగానికి మన రాయచూరు రైల్వే స్టేషన్‌ను, రెండు రైళ్ళ మధ్య వ్యవధి దొరికితే అక్కడి నుంచి చూసి రాదగిన చోట్లను విషయంగా తీసుకున్నాను.

శ్రోతలారా, ముందు కాస్త వెనక్కి వెళదాం. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచింది 1853 ఏప్రిల్ 16న, బొంబాయి నుంచి ఠాణా వరకు. ఆ లైను వేసింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ. జనం నోట అది జి.ఐ.పి. అయింది. దక్షిణాన మద్రాసు రైల్వే కంపెనీ 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు తొలి బండి నడిపింది. రెండూ లండన్‌లో పుట్టిన కంపెనీలే. పెట్టిన పెట్టుబడికి నూటికి 5 వంతున వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ మీదే పనులు సాగాయి.

అప్పటి గవర్నర్ జనరల్ డల్హౌసీ. బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలను పెద్ద లైన్లతో కలపాలని 1853లోనే ఆయన ఒక ప్రణాళిక రాసి లండన్‌కు పంపాడు. అందులో బొంబాయి–మద్రాసు లైను ఒకటి. ఒక కంపెనీ పడమటి నుంచి, ఇంకొక కంపెనీ తూర్పు నుంచి పట్టాలు వేసుకుంటూ రావాలి. ఎక్కడో ఒకచోట కలవాలి. ఆ ఎక్కడో ఒకచోటే మన రాయచూరు.

జి.ఐ.పి. కంపెనీ 1860లో షోలాపూరు చేరింది. పుణెకూ బొంబాయికీ మధ్య ఉన్న బోర్ ఘాట్‌ను కొండలు తొలిచి 1863లో దాటింది. అక్కడి నుంచి గుల్బర్గా, వాడి, యాదగిరి మీదుగా కిందికి దిగింది. మద్రాసు రైల్వే అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పైకి వచ్చింది. 1871లో రెండూ రాయచూరులో కలిశాయి. ఇక్కడి నుంచి బొంబాయి సుమారు 710 కిలోమీటర్లు. మద్రాసు సుమారు 570 కిలోమీటర్లు. సరిగ్గా నడిమధ్య కాకపోయినా, ఇంచుమించు అంతే.

రాయచూరు దాకా రావాలంటే రెండు కంపెనీలకూ ఒకే రకమైన అడ్డంకి ఉంది. మనది అంతర్వేది. పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఉత్తరం నుంచి వచ్చేవాడు కృష్ణను దాటాలి, దక్షిణం నుంచి వచ్చేవాడు తుంగభద్రను దాటాలి. రెండు నదులూ వేసవిలో బండరాళ్ళ మధ్య సన్నగా పారతాయి. వానాకాలంలో పొంగితే పుట్టి వేసేవాడు కూడా నమస్కారం పెట్టి ఒడ్డున కూర్చుంటాడు. అటువంటి నదుల మీద రాతి స్తంభాలు లేపి, ఇనుప దూలాలు వేసి వంతెనలు కట్టారు. రాళ్ళు కొట్టినవాళ్ళు, మట్టి మోసినవాళ్ళు, ప్రవాహంలో దిగి పునాదులు తీసినవాళ్ళు ఎవరో చరిత్ర పుస్తకాలలో పేర్లు లేవు. ఇంజనీర్ల పేర్లున్నాయి, వీళ్ళవి లేవు.

ఇక్కడొక రాజకీయ సంగతి కూడా చెప్పాలి. 1853లో నిజాం ప్రభుత్వం తన పేరిట ఉన్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుకు, అంటే హైదరాబాదు కంటింజెంటు ఖర్చుకు, బెరారుతో పాటు రాయచూరు అంతర్వేదిని కూడా ఈస్టిండియా కంపెనీకి అప్పగించింది. 1857 తిరుగుబాటు తర్వాత, 1860లో రాయచూరు తిరిగి నిజాముకు దక్కింది. కాబట్టి 1871లో రైలు వచ్చేనాటికి మన ఊరు హైదరాబాదు సంస్థానంలోనే ఉంది. కాని ఆ రైలు హైదరాబాదు నగరానికి పోదు! రాజధానిని పక్కన పెట్టి, సంస్థానం అంచున సాగిపోయింది. చివరికి నిజాం ప్రభుత్వమే డబ్బు పెట్టి వాడి నుంచి సికింద్రాబాదుకు లైను వేయించుకుంది. అది 1874లో నడిచింది. అంటే ఆ సంస్థానంలో రాజధాని కంటే మూడేళ్ళ ముందే రైలు చూసిన ఊరు మనది.

ఇప్పుడు ఆనాటి ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడదాం. బొంబాయి నుంచి వచ్చిన బండి ఇక్కడికి వస్తే ఒక కంపెనీ సరిహద్దు అయిపోతుంది. ఇంకొక కంపెనీ రాజ్యం మొదలవుతుంది. అదృష్టవశాత్తు రెండింటి పట్టాల వెడల్పూ ఒకటే, అయిదడుగుల ఆరంగుళాలు. అందువల్ల సరుకు డబ్బాలను విప్పి, మూటలు దించి, మళ్ళీ ఎత్తవలసిన బాధ తప్పింది. దేశంలో చాలా చోట్ల పెద్ద లైనూ చిన్న లైనూ కలిసే స్టేషన్లలో ఆ బాధ నూరేళ్ళకు పైగా ఉండింది. హమాలీల వీపులు అక్కడే అరిగిపోయాయి.

పట్టాలు కలిశాయి సరే, గడియారాలు కలవాలి కదా! ఆ రోజుల్లో ప్రతి నగరానికీ సొంత సమయం ఉండేది. సూర్యుడు నడినెత్తికి వస్తే అక్కడ పన్నెండు. బొంబాయికీ మద్రాసుకూ ఇంచుమించు అరగంట తేడా. మద్రాసులో పన్నెండు అయినప్పుడు బొంబాయిలో ఇంకా పదకొండున్నర. బొంబాయి బండి తన గడియారం చూసుకుని వస్తే, మద్రాసు బండి తన గడియారం చూసుకుని వెళ్ళిపోతే, మధ్యలో ప్రయాణికుడి గతి ఏమిటి? అందుకని 1870 ప్రాంతం నుంచి రైళ్ళన్నిటికీ మద్రాసు సమయమే ప్రమాణంగా పెట్టుకున్నారు. బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉంది కాబట్టి మద్రాసు సమయం అందరికీ ఒప్పుదలయింది. ఈనాడు మనమంతా వాడుకునే భారత ప్రామాణిక సమయం 1906 జనవరి 1న గాని రాలేదు. అంటే దేశమంతా ఒకే గడియారం చూసుకోవడం నేర్చుకున్నది ఇటువంటి కూడలి స్టేషన్ల అవసరం వల్లనే అని చెప్పుకోవచ్చు. పిల్లలకు రేఖాంశాల పాఠం చెప్పేటప్పుడు నేను గ్రీనిచ్ దగ్గర మొదలుపెట్టడం మానేశాను. రాయచూరు ప్లాట్‌ఫారం దగ్గర మొదలుపెడుతున్నాను. చప్పున అర్థమవుతోంది.

గడియారం తర్వాత డబ్బు సంగతి. సంస్థానంలో చెల్లేది నిజాం నాణెం, హాలీ సిక్కా. ఇంగ్లీషు ఇలాకాలో చెల్లేది కల్దారు రూపాయి. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. అటు ఆదోని నుంచి వచ్చినవాడి కొంగులో కల్దారు, ఇటు మాన్వి నుంచి వచ్చినవాడి కొంగులో హాలీ. సరిహద్దు దాటే సరుకు మీద సుంకం వేసే నాకాలు వేరు. మా తాతల కాలం మాటల్లో "కరోడ్‌గిరి" అనేది ఆ సుంకమే. ఈ లెక్కలన్నీ బడికి పోని మనుషులు కూడా నోటితో వేసేవారు. రెండు నాణేలు తెలిసినవాడే ఇక్కడ వ్యాపారం చేయగలడు. రెండు భాషలు తెలిసినవాడే ఇక్కడ బతకగలడు.

ఉత్తరాల సంగతి కూడా చూడండి. 1869లో సూయజు కాలువ తెరుచుకుంది. సీమ నుంచి వచ్చే ఓడలు బొంబాయికి త్వరగా చేరసాగాయి. ఆ తర్వాత రెండేళ్ళకు రాయచూరులో పట్టాలు కలిశాయి. ఇక బొంబాయి రేవులో దిగిన తపాలా సంచులు రైలెక్కి, మన ఊరి మీదుగా మద్రాసు చేరేవి. లోకం ఆ చివరి నుంచి ఈ చివరికి రాసుకున్న ఉత్తరాలు మన ముంగిటి నుంచి పోయాయి.

రైలు వల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. అంతర్వేది నల్లరేగడి భూమి పత్తికి పెట్టింది పేరు. పత్తి బేళ్ళు ఎడ్లబండ్ల మీద వారాల తరబడి పోయే కష్టం తీరింది. బేరగాళ్ళు బొంబాయి ధర తెలుసుకుని వచ్చారు. రైతుకు మాత్రం ఆ ధర తెలియడానికి చాలా కాలం పట్టింది. లైను వచ్చిన అయిదేళ్ళకే, 1876 నుంచి 1878 వరకు, ఘోరమైన కరువు పడింది. బళ్ళారి, కర్నూలు, కడప, రాయచూరు, మైసూరు, అన్నీ ఎండిపోయాయి. మద్రాసు రేవుకు ఓడల్లో వచ్చిన ధాన్యాన్ని రైళ్ళు లోపలి జిల్లాలకు మోసుకొచ్చాయి. ఆ గింజలు ఎందరి ప్రాణమో నిలబెట్టాయి. కాని గింజ వచ్చినా కొనడానికి చేతిలో డబ్బు లేనివాడికి రైలు ఏమి చేస్తుంది? ధర ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికి ధాన్యాన్ని మోసుకుపోయేది కూడా ఆ రైలే. యంత్రానికి దయ ఉండదు. దాన్ని నడిపించే మనిషికి ఉండాలి.

కంపెనీలు మారాయి, పేర్లు మారాయి. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి ఎం.ఎస్.ఎం. రైల్వే అయింది. 1925లో జి.ఐ.పి.ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో, మద్రాసు వైపుది దక్షిణ రైల్వే అయింది, బొంబాయి వైపుది మధ్య రైల్వే అయింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1977లో గుంతకల్లు డివిజను అందులో చేరింది. ఈ మార్పులలో చాలా కాలం రాయచూరు ఎవరో ఒకరి చివర, ఇంకొకరి మొదలు. 'చివర' అని చూసేవాడికి చివర, 'మొదలు' అని చూసేవాడికి మొదలు.

శ్రోతలారా, ఈ చివర, మొదలు అనే మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ఎందుకంటే ఇది రైళ్ళ సంగతి మాత్రమే కాదు, మన సంగతి.

మా తాతది గద్వాల దగ్గర పల్లె. 1956కు ముందు గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోవే. ఇప్పటి చిన్నవాళ్ళకు ఈ మాట చెబితే నమ్మరు. కచేరీ పని ఉన్నా, కోర్టు పని ఉన్నా మా తాత రాయచూరు రావలసిందే. ఆయనకు రాయచూరంటే జిల్లా, అంటే సొంత ఊరు. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. గద్వాల, ఆలంపురం ఆంధ్రప్రదేశ్‌లోకి, మహబూబ్‌నగర్ జిల్లాలోకి పోయాయి. రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటక అయింది. మా మేనత్తను రాయచూరులో ఇచ్చారు. ఒక రాత్రి పడుకుని లేచేసరికి తండ్రిది ఒక రాష్ట్రం, కూతురిది ఒక రాష్ట్రం. "పెండ్లి చేసినప్పుడు పక్క తాలూకాకే ఇచ్చినా. పరాయి రాష్ట్రానికి ఇయ్యలేదు" అని మా తాత చాలా కాలం అనేవాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా అనేవాడు.

రాష్ట్రాలు భాషను బట్టి ఏర్పడటం తప్పని నేను అనను. సొంత భాషలో చదువు, సొంత భాషలో పాలన కావాలని పెద్దలు కోరుకున్నారు, అది న్యాయమే. కాని ఏ గీత గీసినా గీత మీద నిలబడినవాళ్ళు కొందరుంటారు. మనం ఆ కొందరం. మా బడిలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి ఒకసారి నన్ను అడిగింది. "సార్, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. గద్వాల పోతే నన్ను కన్నడదానివి అంటారు, ఇక్కడ తెలుగుదానివి అంటారు. నేను ఎవర్ని సార్?" ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. "రేపు చెబుతాను, కూర్చో" అన్నాను. ఆ రేపు చాలా రోజులు రాలేదు.

ఆ జవాబు వెదుకుతూనే నేను ఆ పిల్లలను ఒక ఆదివారం రాయచూరు కోటకు తీసుకువెళ్ళాను. మీరు కూడా రైలు దిగి, తర్వాతి బండికి రెండు మూడు గంటల వ్యవధి ఉంటే, ముసాఫిర్‌ఖానాలో కునికిపాట్లు పడకండి. సామాను క్లోక్ రూంలో పెట్టి బయటికి రండి. స్టేషన్ రోడ్డు మీదుగా ఆటోలో కొద్ది నిమిషాలలో బస్టాండు చేరతారు. బస్టాండుకు ఆనుకునే కోట. దారిలో తీన్ కందీల్ అనే కూడలి ఉంది. తీన్ కందీల్ అంటే మూడు లాంతర్లు. ఊరి నడిబజారు అది.

ఆ పాత ఊళ్ళోనే ఏక్ మినార్ మసీదు ఉంది. సాధారణంగా మసీదుకు రెండో, నాలుగో మినారులుంటాయి. దీనికి ఒకటే. బహమనీ సుల్తాను మహమూద్ షా కాలంలో, హిజ్రీ 919లో, అంటే 1513 ప్రాంతంలో కట్టారని అక్కడి పారశీక శాసనం చెబుతుంది. లోపల మెలికలు తిరిగే మెట్లు, బయట చుట్టూ వసారాలు, గుండ్రటి రూపు. దౌలతాబాదులోని చాంద్ మినార్‌ను చూసినవారికి అదే గుర్తొస్తుంది. ప్రార్థన వేళ కాకుండా, పెద్దల అనుమతి అడిగి వెళ్ళడం మర్యాద.

ఇక కోట. ఇది రెండు ప్రాకారాల కోట. లోపలి గోడలు పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి అమర్చి కట్టినవి. బయటి గోడ తర్వాతి సుల్తానుల కాలానిది. మక్కా దర్వాజా, నౌరంగీ దర్వాజా, కాటి దర్వాజా అని వాకిళ్ళకు పేర్లున్నాయి. ఈ కోట కోసం ఎన్ని యుద్ధాలు! విజయనగరం, బహమనీ, ఆ తర్వాత బీజాపూరు, రెండు నదుల మధ్య ఉన్న ఈ నల్లనేల కోసం తరతరాలు కొట్టుకున్నాయి. 1520 మే 19న శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాను ఇక్కడికి దగ్గరలోనే ఓడించాడు. పారిపోతూ కృష్ణలో పడి మునిగినవారు ఎందరో. ఆ తర్వాత కోట లొంగింది. ముట్టడిలో క్రిస్తొవావ్ ద ఫిగెరెదు అనే పోర్చుగీసు అతను తన తుపాకులవాళ్ళతో రాయలకు సాయపడ్డాడు. నూనిజ్ అనే మరొక పోర్చుగీసు ఈ యుద్ధాన్ని వివరంగా రాసిపెట్టాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత ఈ నేల మళ్ళీ బీజాపూరు పాలయింది.

కాని శ్రోతలారా, మీరు తప్పక చూడవలసింది వేరే ఉంది. లోకోట పడమటి గోడలో ఒకే ఒక రాయి ఉంది. పొడవు నలభై అడుగులకు పైనే. ఇంత రాయిని ఎలా తెచ్చారా అని నోరు తెరవవలసిందే. దాని మీద 1294 నాటి శాసనం చెక్కారు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలం అది. వర్ధమానపురం ఏలిన గోన వంశపు గన్నారెడ్డి కింద విఠలనాథుడనే సేనాని ఉండేవాడు. ఆయన ఆదవాని, అంటే మన ఆదోని, తుంబళం, మానువ, హాలువ కోటలను గెలిచి, రాయచూరు చేరి, ప్రజల రక్షణకు ఈ కోట కట్టించాడని ఆ శాసనం చెబుతుంది. మానువ అంటే నేటి మాన్వి.

ఆ శాసనం భాష తెలుగు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను చాలా ఏళ్ళు పిల్లలకు అది కన్నడ శాసనమని చెప్పాను. రాయచూరులో ఉంది కాబట్టి కన్నడమే అయి ఉంటుందని నా ఊహ. ఎవరినీ అడగలేదు, ఏ పుస్తకమూ తిప్పలేదు. చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన మాతృభాష కన్నడం, ఒకనాడు నా పక్కన నిలబడి విని, మెల్లగా సరిదిద్దారు. "మేష్టరూ, ఇది మీ తెలుగే" అన్నారు. నాకు సిగ్గు వేసింది. మరుక్షణం గర్వం కూడా వేసింది. ఆయన నా ముఖం చూసి నవ్వి ఇంకొక మాట అన్నారు. "అక్షరాలు చూడండి. ఆ రోజుల్లో మీకూ మాకూ లిపి ఇంచుమించు ఒకటే. విడిపోయింది తర్వాత."

అవును, ఆ కాలం నాటికి తెలుగు లిపి, కన్నడ లిపి ఇంకా పూర్తిగా వేరు పడలేదు. ఒకే అక్షరాలతో రెండు భాషలు రాసుకునేవారు. నా గర్వం కాస్త తగ్గింది, తృప్తి పెరిగింది.

ఆ రాతి పక్కనే ఒక బొమ్మ చెక్కి ఉంది. పిల్లలకు అది శాసనం కంటే నచ్చింది. చక్రాల బండి మీద పొడవాటి రాయి, దాన్ని లాగే దున్నపోతుల బారు, తోలే మనుషులు. ఈ రాయిని ఎలా తెచ్చారో ఆ బొమ్మే చెబుతోందన్నమాట. ఇందాక రైలు వంతెన కట్టినవారి పేర్లు లేవని చెప్పాను. ఈ బండి తోలినవారి పేర్లు కూడా లేవు. కాని కాకతీయుల శిల్పి కనీసం వాళ్ళ బొమ్మ చెక్కాడు. సరుకు రవాణాను చూపే ఇంత పాత చిత్రం మన ఊళ్ళో మరొకటి ఉందని నేను అనుకోను. ఏడువందల ఏళ్ళ కిందట దున్నపోతులు మోసిన దారిలోనే తర్వాత ఆవిరి యంత్రం వచ్చింది.

కోట చూశాక ఆకలేస్తే బయట బండి మీద మిర్చి, దానికి తోడు ఒక పొట్లం దొరుకుతుంది. ఆ పొట్లంలో ఉన్నదాన్ని మండక్కి అనండి, బొరుగులు అనండి, ముర్మురాలు అనండి, ఇచ్చేవాడికి మూడూ తెలుసు. రుచి ఒకటే!

వ్యవధి ఇంకా ఉన్నవారికి నాలుగు దిక్కులా దారులున్నాయి. ఉత్తరం వైపు బండి ఎక్కితే కొద్దిసేపట్లో శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడతాయి. 1985లో అక్కడ మొదటి యూనిట్ నడిచింది. ఆ బొగ్గు వచ్చేదీ రైలు మీదే. వెంటనే కృష్ణ వంతెన. నిజాం కాలంలో కట్టిన కమానుల రోడ్డు వంతెన కూడా ఆ చాయలలోనే ఉంది. నది దాటగానే కృష్ణ అనే పేరుతోనే ఒక స్టేషను. అది తెలంగాణలోని నారాయణపేట జిల్లా. ఇంకాస్త పోతే మళ్ళీ కర్ణాటక! దక్షిణం వైపు బండి ఎక్కితే మట్మారి దాటి, తుంగభద్ర వంతెన దాటి, మంత్రాలయం రోడ్డు స్టేషను. అది ఆంధ్రప్రదేశ్. రాఘవేంద్రస్వామి మఠానికి వెళ్ళేవారు అక్కడే దిగుతారు. గంటా రెండు గంటల ప్రయాణంలో మూడు రాష్ట్రాలు, రెండు నదులు. ఇంత చిన్న టికెట్టుకు ఇంత పెద్ద పాఠం ఎక్కడ దొరుకుతుంది?

తూర్పు దారి అన్నిటికంటే కొత్తది. రాయచూరు–గద్వాల లైను 2013లో తెరిచారు. అంతవరకు మన స్టేషను రెండు లైన్లు ఎదురెదురుగా కలిసిన చోటే గాని, మూడో దారి లేదు. గద్వాల లైను రావడంతో నిజంగా జంక్షన్ అయింది. ఆ బండి ఎక్కితే గద్వాల సంస్థానపు కోట చూడవచ్చు. గద్వాల నుంచి ఆలంపురం పోయి, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ అమ్మవారి గుడి చూడవచ్చు. 1956లో జిల్లా పటం మీద విడిపోయిన రాయచూరునూ గద్వాలనూ, 57 ఏళ్ళ తర్వాత ఆ పట్టాలు కలిపాయి. అది చూడటానికి మా తాత లేడు. మా మేనత్త ఉంది. లైను తెరిచిన కొద్ది రోజులకు ఆమెను నేనే బండి ఎక్కించి పుట్టింటికి తీసుకువెళ్ళాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గద్వాలలో దిగాక ఒకే మాట అంది: "ఇంత దగ్గరనా!"

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. కోట దగ్గర, ఆ రాతి ముందు నిలబెట్టి, ఆమెకు ఈ సంగతులన్నీ చెప్పాను. భాష తెలుగు, అక్షరాలు ఇద్దరివీ, నేల కర్ణాటకది, గెలిచిన కోటలు తుంగభద్రకు అటూ ఇటూ ఉన్నాయి అన్నాను. తర్వాత సాయంత్రం స్టేషనుకు తీసుకువచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాను. బొంబాయి బండి వచ్చింది. దిగినవాళ్ళలో ఒకాయన ఆమెను కన్నడంలో దారి అడిగాడు. అదే సమయంలో ఒక ముసలమ్మ తెలుగులో గద్వాల బండి ఎక్కడ నిలబడుతుందని అడిగింది. అమ్మాయి ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ భాషలో తడుముకోకుండా చెప్పింది. ఇద్దరూ సరైన దిక్కుకు వెళ్ళారు.

అప్పుడు అన్నాను: "అమ్మా, ఈ స్టేషనులో ఈ పని చేయగలిగినవాళ్ళు ఎంతమందో చూశావా? బొంబాయి నుంచి వచ్చినవాడికి మద్రాసు దారి తెలియదు. మద్రాసు నుంచి వచ్చినవాడికి బొంబాయి దారి తెలియదు. రెండూ తెలిసింది ఇక్కడివాళ్ళకే. నిన్ను అటువాళ్ళు ఇటుదానివంటే, ఇటువాళ్ళు అటుదానివంటే బాధపడకు. రెండు దారులూ నీ ముందే కలిశాయి."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "అయితే సార్, మా ఇంట్లో తెలుగు రాయడం ఎవరికీ రాదు. మా తమ్ముడికి చదవడం కూడా రాదు" అంది. ఆ మాట నన్ను గుచ్చింది. అది నిజం. నోటి తెలుగు ఉంది, చేతి తెలుగు పోతోంది. రెండు దారులు కలిసే చోట ఒక దారి గడ్డి మొలిచి మూసుకుపోతే ఇక అది కూడలి ఎలా అవుతుంది? పట్టాలు వేస్తే చాలదు, రోజూ బండి నడవాలి. ఆ మరుసటి వారం నుంచి శనివారం బడి వదిలాక ఒక గంట తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. ఆ అమ్మాయి తమ్ముడు ముందు వరుసలో కూర్చుంటాడు. కన్నడ అక్షరాలు వచ్చినవాడు కాబట్టి సగం పని ముందే అయిపోయింది. కోటలోని ఆ రాయి చెప్పింది అబద్ధం కాదు.

ఈ ప్రసంగం వింటున్న సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులకు నాది ఒకటే మనవి. కన్నడం బాగా చదివించండి, అది మన పిల్లలకు అన్నం పెట్టే భాష, మన నేల భాష. దానితో పాటు ఇంట్లో రోజుకు పది నిమిషాలు తెలుగు అక్షరం దిద్దించండి. వచ్చే సెలవుల్లో ఎక్కడికో దూరం పోలేకపోయినా, రాయచూరు స్టేషనులో దిగి, ఆ నలభై అడుగుల రాతి ముందు వాళ్ళను ఒకసారి నిలబెట్టండి. రైలు మారేచోట కంగారు పడకుండా నిలబడటం నేర్చుకున్న పిల్ల, అమీర్‌పేటలోనైనా, ఏ దేశంలోని ఏ నగరంలోనైనా దారి తప్పదు.